లాన్స్ హాస్వెల్ జవాబులు

మా అమ్మమ్మ థామసీనా బట్టలు దంచే కర్ర మూడడుగుల పొడవుండేది. తొట్టిలో వేడినీళ్ళు పోసి, బొగ్గుమసి పట్టిన బట్టలు వేసి, ఆ కర్రతో దంచేవాళ్ళు మా సౌత్ షీల్డ్స్ రేవు ఆడవాళ్ళు. అమ్మమ్మ సోమవారాలు దానితో బట్టలు దంచేది. మిగతా రోజుల్లో మా అమ్మని దంచేది.

అమ్మ పేరు బెల్లా. ఆమెకి ఏడేళ్ళప్పుడు, 1921 వసంతంలో, అమ్మమ్మ ఎప్పటిలాగే నది ఒడ్డున ఓడల ఆఫీసుకి వెళ్ళి వరసలో నిలబడింది. సముద్రం మీదున్న మొగుడి జీతంలో సగం అక్కడే చేతికిచ్చేవాళ్ళు. "నీ మొగుడు దక్షిణ అమెరికాలో, రొసారియో రేవులో ఓడ దిగి పారిపోయాడమ్మా. పారిపోయినవాడి పెళ్ళానికి ఇక్కడ ఏమీ లేదు. పక్కకి జరుగు," అన్నాడట గుమాస్తా. వెనకాల నిలబడ్డ యాభై మంది ఆడవాళ్ళు విన్నారు. వాళ్ళు విన్నారంటే ఊరు విన్నట్టే.

అమ్మమ్మ ఇంటికొచ్చి, నెత్తిమీద టోపీ కూడా తీయకుండా కర్ర అందుకుంది. అమ్మవి అచ్చంగా వాళ్ళ నాన్న కళ్ళు. "ఆ కళ్ళతో నన్ను చూడకే!" అని అరుస్తూ కొట్టింది. పక్కటెముక ఒకటి విరిగింది. ఆ రోజు మొదలైన కొట్టుడు, అమ్మ పద్నాలుగో ఏట ఒకరింట్లో పనికి కుదిరి బయటపడేదాకా ఆగలేదు. వీధిలో పిల్లలు "పారిపోయినోడి కూతురా" అని పిలిచేవాళ్ళు. అమ్మ వాళ్ళని కొట్టేది.

అత్త మీద కోపం దుత్త మీద అంటారు. దుత్తయితే పగిలి ఊరుకుంటుంది. మనిషి ఊరుకోదు, ఇంకొకరిని వెతుక్కుంటుంది. అమ్మ వెతుక్కున్నది నన్ను. నా పేరు డోరీన్. నా ఎడమ మోచెయ్యి ఈ రోజుకీ పూర్తిగా చాపుకోదు. తొమ్మిదేళ్ళప్పుడు పాలకూజా జారవిడిచినందుకు వచ్చిన బహుమతి అది. నేను మాత్రం ఎవరినీ కొట్టలేదు. అందులో నా గొప్పేమీ లేదు, నాకు పిల్లల్లేరు.

నలభై ఏళ్ళు చేపలు వేయించి, నూనె వాసన ఒంటికి పట్టి, అరవై రెండో ఏట దుకాణం మూసేశాను. చేతులు ఖాళీ అయ్యాక బుర్ర ఊరుకోలేదు. మా ఇంట్లో ఈ దెబ్బలన్నీ ఒక మనిషి ఓడ దిగి పారిపోవడంతో మొదలయ్యాయి కదా, ఆ మనిషి సంగతేమిటో చూద్దామనుకున్నాను. జబ్బు చేసిందో, జైల్లో పెట్టారో, చచ్చిపోయాడో. ఆయన కావాలని వదిలిపోలేదని రుజువు దొరికితే, అమ్మ పోయేలోపు ఆమె చేతిలో పెట్టాలి. అప్పటికే ఆమెకి ఎనభై తొమ్మిదేళ్ళు. "మీ నాన్న నిన్ను వదిలేసి పోలేదు" అనే ఒక్క మాట ఆమెకి చెప్పాలి. నాకు కావలసింది అంతే.

ముందుగా ఆమెతోనే అన్నాను.

"అమ్మా, లాన్స్ తాతయ్య కాగితాలు తెప్పిద్దామనుకుంటున్నాను."

"ఎందుకు?"

"ఏమయ్యాడో తెలుసుకుందామని."

"పోయినవాడు పోయాడు. చేపలు వేయించే పని లేకపోయేసరికి నీకు ఒళ్ళు బరువెక్కింది. పోయి ఊలు అల్లుకో."

"నువ్వు తిన్న దెబ్బలకి కారణం తెలుసుకోవద్దా?"

"దెబ్బలు తిన్నదాన్ని నేను. కారణంతో నీకేం పనే?"

"నా మోచెయ్యి అడుగుతోంది."

చేతిలో ఉన్న టీ కప్పు నా మీదకి విసిరింది. భుజానికి తగిలింది. ఎనభై తొమ్మిదేళ్ళొచ్చినా గురి తప్పదు మహాతల్లికి. మానిన పుండు మళ్ళీ రేపుతానని భయపడుతోందనుకున్నాను. భుజం తుడుచుకుని నా దారిన నేను పోయాను.

మా లైబ్రరీ మేడ మీద గురువారాలు ముసలివాళ్ళు చేరి, సముద్రం మీద పనిచేసిన తమ తాతముత్తాతల్ని కాగితాల్లో వెతుకుతారు. అక్కడ ఎవరిని కదిపినా తాత కెప్టెనే. బొగ్గు వేసిన తాత ఒక్కడికీ లేడు. కెప్టెన్లందరూ కలిసి ఓడల్ని నోటితో ఊది నడిపారు కాబోలు. వాళ్ళలో చార్ల్‌టన్ అనే ఆయన ఒక్కడే నిజం మాట్లాడే మనిషి. నలభై ఏళ్ళు ఓడల్లో ఇంజనీరుగా చేశాడు. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు.

"మా తాత ఫైర్‌మన్, బాయిలర్లకి బొగ్గు వేసేవాడు," అన్నాను.

"హమ్మయ్య! ఇన్నాళ్ళకి ఒక పనిచేసిన తాత దొరికాడు," అన్నాడాయన. "పేరు పట్టుకుని వెతికితే నీ ఆయుష్షు చాలదు తల్లీ. ఓడవాళ్ళ కాగితాలు ఓడ నంబరు ప్రకారం కట్టి పెట్టారు. ముందు మీ తాత కార్డు తెప్పించు. దాని మీద నంబరుంటుంది."

మొదటి ప్రపంచయుద్ధం అయిపోయాక మూడు నాలుగేళ్ళపాటు సరుకు ఓడల్లో పనిచేసే ప్రతి మనిషికీ ఫొటోతో ఒక కార్డు రాశారు. ఆ కార్డులు దాచిన సౌతాంప్టన్‌కి ఉత్తరం రాస్తే ఆరు వారాలకి దాని నకలు వచ్చింది. కవరు చింపగానే మా అమ్మ కళ్ళు నన్ను చూశాయి. ఆ కళ్ళ కింద రెండుసార్లు విరిగిన ముక్కు. కుడిచెవి సగమే ఉంది. పుట్టింది 1888. గుర్తులు అని ఉన్న చోట "చెవి తెగినది, ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు, కత్తిగాట్లు మూడు" అని రాశారు.

చెవి కథ అమ్మ నోట చాలాసార్లు విన్నాను. 1919లో నది ఒడ్డున మిల్ డ్యామ్ దగ్గర మావాళ్ళకీ యెమెన్ నుంచి వచ్చిన అరబ్బు ఓడవాళ్ళకీ పని కోసం కొట్లాట జరిగింది. ఓడ ఎక్కే పని ఎవరికివ్వాలని మొదలై కత్తులదాకా వెళ్ళింది. తాతయ్య చెవి అక్కడే పోయింది. ఒకడి దవడ పగలగొట్టి, ఇంకొకణ్ణి నదిలోకి తోసి, రక్తం కారుతూ ఇంటికొచ్చి సూప్ అడిగాడట. లాన్స్ హాస్వెల్ మంచివాడని నేను చెప్పను. మా ఇంట్లో అద్దెకున్నవాడు అమ్మమ్మని చూసి ఈల వేశాడని వాడి వీపు మీద కుర్చీ విరగ్గొట్టిన మనిషి. అయితే తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. మా ఇంట్లో ఆ తల తన్నేది అమ్మమ్మ. తాగి వస్తే ఆ కర్రతోనే బాదేదట. ఆయన తల మీద చేతులు పెట్టుకుని నవ్వేవాడట.

కార్డు మీద ఓడ నంబరు దొరికింది. ఓడ పేరు 'ఎలెన్ డాడ్'. మా టైన్ నది నుంచి బొగ్గు ఎక్కించుకుని దక్షిణ అమెరికా వెళ్ళి, ధాన్యం నింపుకుని వచ్చేది. దాని కాగితాలు సముద్రం అవతల న్యూఫౌండ్‌లాండ్‌లో ఒక యూనివర్సిటీలో దాచారని చార్ల్‌టన్ చెబితే అక్కడికి రాశాను. లావుపాటి కవరు ఏప్రిల్‌లో వచ్చింది. పనివాళ్ళ పట్టికతో పాటు ప్రయాణంలో జరిగినవన్నీ కెప్టెన్ రాసిన లాగ్ పుస్తకం కూడా ఉంది.

"నీ అదృష్టం," అన్నాడు చార్ల్‌టన్. "ఆ రోజుల్లో లాగ్‌లు చాలావరకు చించేశారు. ప్రయాణంలో ఎవరైనా చస్తే ఆ లాగ్ దాచేవాళ్ళు."

"ఎవరు చచ్చారు?"

"చదువుదాం."

నాకు తెలియని సంగతి ఒకటి ఆయన అప్పుడు చెప్పాడు. ఓడలో ఎవడైనా తప్పు చేస్తే కెప్టెన్ ఆ తప్పు రాసి, ఆ మనిషిని పిలిచి, అతని ముందే పైకి చదవాలి. అతను ఏం జవాబు చెప్తే అది ఉన్నదున్నట్టు కింద రాయాలి. చట్టం అది. కెప్టెన్‌కి నచ్చినా నచ్చకపోయినా రాయక తప్పదు. తాతయ్య రాసిన ఉత్తరం ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. ఆయన ఎలా మాట్లాడేవాడో నాకు తెలియదు. ఆ పుస్తకంలో నాలుగు చోట్ల ఆయన మాట్లాడాడు.

డిసెంబరు మూడు. పనివాళ్ళ గదిలో ఒకణ్ణి కొట్టి రెండు పళ్ళు రాలగొట్టాడు. జవాబు: "రెండే కదా. వాడికి ఇంకా చాలా ఉన్నాయి."

డిసెంబరు పదకొండు. లాస్ పాల్మాస్ రేవులో ఒళ్ళంతా రక్తంతో, తప్పతాగి ఓడ ఎక్కాడు. జవాబు: "ఆ రక్తం నాది కాదు."

చార్ల్‌టన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. నేనూ నవ్వాను. గర్వపడ్డానని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

జనవరి ఆరుకి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఇంజన్లకి నూనె పెట్టే ముసలాయన సాలే అలీ, మా షీల్డ్స్‌లో ఉండే యెమెన్ మనిషే, జ్వరంతో పడుకుని ఉన్నాడు. రెండో ఇంజనీరు అతన్ని జుట్టు పట్టి లేపి బాయిలర్ల ముందుకి ఈడ్చుకొచ్చి, లేవలేకపోతే ఇనప పానాతో కొట్టాడు. అది కెప్టెన్ రాయలేదు. "రెండో ఇంజనీరు క్రమశిక్షణ నేర్పుచుండగా" అని రాశాడు. ఆ నేర్పుచుండగా ఫైర్‌మన్ హాస్వెల్ బొగ్గు పార ఎత్తి ఇంజనీరు వీపు మీద కొట్టాడు. జవాబు: "వాడు ఆ జ్వరం ముసలాణ్ణి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి పానాతో కొట్టాడు, మీరు అది రాయలేదు. ఈసారి పార పలక వైపు కొట్టాను. మళ్ళీ ముట్టుకుంటే అంచు వైపు కొడతాను."

రెండేళ్ళ కిందట అరబ్బుల దవడలు పగలగొట్టిన మనిషి ఈ మాట అన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలియదు. బాయిలర్ల ముందు నిలబడి ఒకే నిప్పు సెగ తింటే అలా అవుతుందేమో.

జనవరి తొమ్మిది. సాలే అలీ జ్వరంతో చనిపోయాడు, సముద్రంలో దించారు. అదే రోజు, హాస్వెల్ అందరి ముందూ రెండో ఇంజనీరుని హంతకుడన్నాడు. జవాబు: "రొసారియోలో మన దేశపు కన్సల్ ఉంటాడుగా. మిగతాది ఆయన దగ్గర చెప్తాను."

జనవరి ఇరవై మూడు. రొసారియో. రేవులో చోటు లేక, నది మధ్యలో లంగరు వేశారు. ఒడ్డు అరమైలు దూరం. ఇరవై నాలుగు పొద్దున్నే: "ఫైర్‌మన్ ఎల్. హాస్వెల్ పారిపోయినాడు." జవాబు లేదు.

చార్ల్‌టన్ తరవాతి వరస మీద వేలు పెట్టాడు. పారిపోయినవాడు ఓడలో వదిలిన సామాను పట్టిక కూడా రాయాలి. కెప్టెన్ చక్కగా రాశాడు. చొక్కాలు రెండు. కోటు ఒకటి. గడ్డం కత్తి. పొగాకు డబ్బా. చెక్క అడుగుల బూట్లు ఒక జత. తోలు బూట్లు ఒక జత.

"ఫైర్‌మన్ దగ్గర రెండు జతలే ఉంటాయి తల్లీ," అన్నాడాయన. "నిప్పుల మీద నడవడానికి చెక్కవి. ఒడ్డు మీద నడవడానికి తోలువి."

"రెండూ ఓడలోనే ఉన్నాయి."

"ఉన్నాయి. మరి మీ తాత దేనితో నడిచాడు? అసలు దేని మీద నడిచాడు? నది మీదా?"

దాని కింద ఇంకో నాలుగు వరసలున్నాయి. అదే రోజు: "రెండో ఇంజనీరు బాయిలర్ గది నిచ్చెన మీద నుంచి జారిపడినాడు. తల చిట్లినది. రెండు ముంజేతుల మీద, మెడ మీద గోళ్ళ గీతలు. కట్టు కట్టితిమి."

"నిచ్చెనకి గోళ్ళుంటాయా?" అన్నాను.

ఆ కెప్టెన్ అబద్ధం రాయగలిగాడు కానీ, జీవితమంతా లాగ్ పుస్తకంలో గడులు నింపిన అలవాటు మానుకోలేకపోయాడు. బూట్లు కనబడ్డాయి, రాశాడు. గీతలు కనబడ్డాయి, రాశాడు. ఎవరూ చదవరనుకుని ఉంటాడు. నిజానికి ఎనభై రెండేళ్ళు ఎవరూ చదవలేదు.

"ఎక్కడ పడేశారంటారు?" అని అడిగాను.

"నదిలోనో, పొయ్యిలోనో. లంగరు వేసినప్పుడు కూడా ఒక బాయిలర్ మండుతూనే ఉంటుంది. నేను ఆ తలుపుల ముందు నిలబడ్డవాణ్ణి. మనిషి పట్టేంత ఉంటాయి." ఆయన మూడు వేళ్ళ చెయ్యి బల్ల మీద పెట్టి చూసుకున్నాడు. "నా మాట విని, ఈ సంగతి మాత్రం మీ అమ్మకి చెప్పకు."

రెండో ఇంజనీరు ఏమయ్యాడో కూడా వెతికాను. పెద్ద ఇంజనీరై, పింఛను తీసుకుని, మంచం మీద దుప్పటి కింద చచ్చాడు. నదికి అవతల ఊళ్ళో సమాధి, దాని మీద "సముద్రము నుండి విశ్రాంతి" అని చెక్కించారు. పడవ ఎక్కి వెళ్ళి ఆ రాతిని తన్నాను. ఒకసారి కాదు. కాలి బొటనవేలు విరిగింది. ఆసుపత్రిలో నర్సు ఎలా విరిగిందని అడిగితే నిచ్చెన మీద నుంచి జారానని చెప్పాను.

కుంటుకుంటూనే ఆ శనివారం మధ్యాహ్నం అమ్మ దగ్గరికి వెళ్ళాను. పందిమాంసం, బఠానీ ముద్ద పెట్టిన రొట్టె తీసుకెళ్ళాను. ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఉంది. తినడం అయ్యాక కాగితాలు తీశాను. కప్పు ఆమెకి అందకుండా ముందే జరిపి పెట్టాను.

"తెచ్చావన్నమాట," అంది.

"తెచ్చాను. ముందు ఆయన మాటలు విను."

రెండు పళ్ళ జవాబు చదివాను. ఆమె మూతి వణికింది. "ఆ రక్తం నాది కాదు" అని చదివేసరికి పెద్దగా నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. "అదీ మా నాన్న! ఆ గొంతే! మళ్ళీ చదువు," అంది. మళ్ళీ చదివాను. పార జవాబు చదివితే కుర్చీ చెయ్యి మీద పిడికిలితో గుద్దింది. "అంచు వైపు! వెయ్యాల్సిందే వాణ్ణి!" ఆమె ముఖం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ధైర్యం వచ్చింది. చార్ల్‌టన్‌కి మా అమ్మ సంగతేం తెలుసు అనుకున్నాను.

కన్సల్ మాట చెప్పాను. లంగరు సంగతి చెప్పాను. రెండు జతల బూట్లు, గోళ్ళ గీతలు చదివాను. పొయ్యి మాట ఎత్తలేదు. నేను చెప్పకపోయినా ఆమె ఓడవాడి కూతురే, బాయిలర్ గదిలో ఏముంటుందో ఆమెకి తెలుసు.

"ఆయన పారిపోలేదమ్మా. వాళ్ళు చంపేశారు. మీ నాన్న నిన్ను వదిలేసి పోలేదు."

ఆ మాట చెప్పడానికే కదా ఏడాది తిరిగాను. చెప్పి, ఆమె ఏడుస్తుందని ఎదురుచూశాను. ఏడిస్తే పట్టుకుందామని దగ్గరికి జరిగాను. ఆమె నన్ను ఇంకా దగ్గరికి రమ్మని వేలితో సైగ చేసింది. వంగాను. చెంప మీద కొట్టింది. ముసలి చెయ్యి, ఎముక తప్ప ఏమీ లేదు. దవడ అదిరిపోయింది.

"తవ్వొద్దన్నానా?"

"అమ్మా, ఆయన తప్పు లేదని..."

"తప్పెవడిక్కావాలే? ఆవిడ కర్ర ఎత్తినప్పుడల్లా నేనెక్కడుండేదాన్నో తెలుసా నీకు? కళ్ళు మూసుకుని ఆ రొసారియోలో ఉండేదాన్ని. ఎండలో. నాన్న అరుగు మీద కూర్చుని ఇంత మాంసం ముక్క కోసుకుని తింటుండేవాడు. ఎవత్తినో కట్టుకున్నాడు. నెమ్మదైన మనిషి, చెయ్యెత్తేది కాదు. ఏడాదికేడాది ఆయనకి వయసు పెంచుకుంటూ వచ్చాను నేను. పొట్ట పెట్టాను. జుట్టు నెరిపించాను. డెబ్భై ఎనిమిదిలో, ఇంక చాల్లే ముసలాడా అని, నిద్రలో పోనిచ్చాను. నొప్పి లేకుండా. తొంభై ఏళ్ళకి."

ఊపిరి అందక ఆగింది. నేను నీళ్ళివ్వబోతే చెయ్యి తోసేసింది.

"నువ్వొచ్చి ముప్పై రెండేళ్ళకే చంపించావు."

"నాకు తెలియదమ్మా. నువ్వెప్పుడూ చెప్పలేదు."

"ఆవిడ కొట్టింది, నేను తిన్నాను. నేను కొట్టాను, నువ్వు తిన్నావు." ఆమె నా వంకర మోచెయ్యి పట్టుకుంది. కొట్టడానికి కాక ఆ చెయ్యి పట్టుకోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. "ఒక్కడు తప్పించుకున్నాడనుకున్నానే డోరీన్. ఇంటి మొత్తానికి ఒక్కడైనా తప్పించుకున్నాడనుకున్నాను."